మామయ్యతో మాటలు, రోజూ నాలుగున్నరకి

ఆఫీసులో నన్ను వెనకాల 'అలారం' అంటారని నాకు తెలుసు. మొహం మీద అనే ధైర్యం ఒక్కరికీ లేదు కనక నేనూ ఎరగనట్టే తిరుగుతుంటాను. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఊళ్ళో ఏ ఆసుపత్రిలో, ఏ అపార్టుమెంటులో లిఫ్టు మొరాయించినా మా మెకానిక్కులే పరిగెత్తాలి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో, ఎవరు ఎవరితో ఎప్పుడు కూచుని మాట్లాడుకోవాలో చూసే పని నాది. నలుగురిని ఒక గదిలోకి చేర్చడం కన్నా లిఫ్టుని భుజాన మోసుకెళ్ళడం తేలికని నా కుర్చీలో కూచుంటే తెలుస్తుంది.

నేను చేరిన కొత్తలో అక్కడ మీటింగులంటే దాగుడుమూతలే. సోమవారం పొద్దున పనుల మీటింగు, బుధవారం సామాన్ల మీటింగు, నెలకోసారి భద్రత మీటింగు. అన్నీ మళ్ళీ మళ్ళీ వచ్చేవే, అయినా వచ్చిన ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాల్సిందే. ఒకటి ఒకరి మెయిల్లో ఉండేది, ఇంకోటి ఇంకొకరి ఫోన్లో. మూడోది ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినాయన క్యాలెండర్లో. ఆయన పోయాడు గానీ ఆయన పెట్టిన మీటింగు మాత్రం ప్రతి వారం వచ్చి వాలేది. దాన్ని కదిపే హక్కు ఎవరికీ లేదు. ఒక బుధవారం సగం మంది కింద గదిలో, సగం మంది పై గదిలో కూచుని, రానివాళ్ళకి బుద్ధి లేదని ఎవరికి వాళ్ళు తిట్టుకున్నారు. ఆ రోజు నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక లాభం లేదని టీమందరికీ కలిపి ఒకే క్యాలెండరు పెట్టాను. మళ్ళీ మళ్ళీ వచ్చే మీటింగులన్నీ అందులోనే. ఎవరైనా చూడొచ్చు, నేను సెలవులో ఉంటే ఇంకొకరు మార్చొచ్చు. ఏ గదిలో, ఏ లింకులో, ఏం మాట్లాడాలో అన్నీ దాని కిందే రాసి ఉంటాయి. చిలక్కి చెప్పినట్టు చెప్పాను అందరికీ. "క్యాలెండర్లో ఉంటే ఉన్నట్టు. లేకపోతే ఆ మీటింగు పుట్టనే లేదు. రాలేకపోతే రానని నొక్కి, ఎందుకో రాయండి. రాసి ఉన్నదాన్ని మళ్ళీ నా దగ్గరికొచ్చి నోటితో అడిగితే ఊరుకోను." అప్పటి నుంచే అనుకుంటా, ఆ పేరు పెట్టారు. పెడితే పెట్టారు గానీ అందరూ దారిలోకొచ్చారు.

ఇంట్లో మాత్రం ఈ అలారం పని చెయ్యలేదు.

మా మామగారు కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం వేసేవారు. నోరే ఆయన ఆస్తి. తెల్లవారకముందే బుట్టల మధ్య ఎత్తుపీట ఎక్కి నిలబడితే అవతలి వీధి దాకా వినపడేదట ఆ గొంతు. అత్తయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఒక రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ కుప్పకూలిపోయారు. పక్షవాతమన్నారు, ప్రాణం మాత్రం నిలిచింది. కుడిచెయ్యి కాస్త పడిపోయింది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతారు. బుర్ర ఎప్పటిలాగే పాదరసం. మాట ఒక్కటే చిక్కుపడింది. అంతా తెలుసు, అంతా అర్థమవుతుంది, పలుకుదామంటే మాట గొంతు దాకా వచ్చి దారి మర్చిపోతుంది.

వైద్యం కోసం తీసుకెళ్ళే పునరావాస కేంద్రంలో, పోయిన మాట తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టు ఉంది. మెత్తగా మాట్లాడుతుంది గానీ దాచిపెట్టే మనిషి కాదు. "రోజూ ఎవరో ఒకరితో ఈయన మాట్లాడాలమ్మా. తప్పో ఒప్పో, ఆయన మాట ఆయనే వెతుక్కోవాలి. మీరు అందించకూడదు. మాట్లాడకుండా ఇలాగే కూచుంటే వచ్చేది రాకపోగా ఉన్నది కూడా పోతుంది" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. మూడు నెలలయ్యాక ఒకసారి చూస్తారట. ప్రయత్నమే చెయ్యని వాళ్ళని ఆపేసి, వరసలో ఎదురుచూస్తున్నవాళ్ళకి ఆ చోటు ఇస్తారట. "నాకూ బాధే. కానీ తప్పదు" అంది.

మామయ్య ప్రయత్నం చెయ్యలేదు. మా దగ్గర అసలే చెయ్యలేదు. మా ఆయన వ్యాను నడుపుతూ ఊరంతా సరుకులు చేరవేస్తారు, ఆయనకి అన్నీ తొందరే. మామయ్య "నీ..." అని మొదలుపెడితే చాలు, "నీళ్ళా నాన్నా?" అని గ్లాసు చేతిలో పెట్టేసేవారు. మామయ్య అడగబోయింది నీళ్ళు కాదని నాకు తెలుస్తూనే ఉండేది. అయినా ఆయన మారుమాట లేకుండా ఆ నీళ్ళు తాగేసి గ్లాసు కింద పెట్టేవారు. అలా ఆ కొద్ది రోజుల్లో ఆయన తాగినన్ని నీళ్ళు ఎవరూ తాగి ఉండరు.

మా ఆయన అక్క, అంటే మా వదిన, ఊరికి ఆ చివర ఉంటుంది. ముగ్గురం వంతులు వేసుకున్నాం. వదిన ఫోన్లో మొహం కనపడేలా మాట్లాడాలని, మిగతా రోజులు మేమిద్దరం అని. జరిగిందేమిటంటే, నేను చెయ్యలేదు కనక వదిన చేసి ఉంటుందని నేను, తమ్ముడు చేసి ఉంటాడని వదిన, ఆడవాళ్ళు చూసుకుంటార్లే అని మా ఆయన. మామయ్య సోఫాలో కూచుని గోడ చూస్తుండేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోవాళ్ళ మీటింగులన్నీ దిద్దే దాన్ని, నా ఇంట్లో ఒక్క మనిషిని పలకరించే మీటింగు నడపలేకపోతున్నానా?

ఆ సాయంత్రం బస్సులో నిలబడే ఫోను తీశాను. 'మామయ్యతో మాటలు' అని పెట్టాను. రోజూ నాలుగున్నరకి, పదిహేను నిమిషాలు. మళ్ళీ మళ్ళీ రావాలి, ముగింపు తేదీ లేదు. కింద అన్నీ రాశాను. 'మాట అందించొద్దు. ఆయన వెతుక్కుంటుంటే మనసులో నెమ్మదిగా పది దాకా లెక్కపెట్టండి. ఔను, కాదు అని సరిపోయే ప్రశ్నలు అడగొద్దు. ఒక్కోసారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. అప్పుడు సముదాయించొద్దు, ఊరికే ఉండండి, ఆయనే తేరుకుంటారు.' మా ముగ్గురికీ కలిపి ఇంటి క్యాలెండరు వేరే ఉంది, అందులో పెట్టాననే అనుకున్నాను. ఇంటిదానికీ ఆఫీసుదానికీ ఒకే ఆకుపచ్చ రంగు ఇచ్చుకున్న ఘనత నాదే. అంతకు ముందు గంటలో ఆఫీసు మీటింగులు సర్దాను కదా, ఫోను ఇంకా అక్కడే ఆగి ఉంది. నేను చూసుకోలేదు. మామయ్య పక్కన నా క్యాలెండర్లన్నీ వచ్చే ట్యాబ్లెట్టు ఒకటి పెట్టి, గంట మోగితే ఎడమచేత్తో ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆయన తల ఊపారు.

రెండు వారాలు గడిచాయి. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మామయ్య తల దువ్వుకుని ట్యాబ్లెట్టు ముందు కూచుని ఉండేవారు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఉండేవారు. నా కడుపు నిండిపోయేది. పోనీలే, వదిన బాగానే పట్టించుకుంటోందని ఫోను చేశాను.

"సాయంత్రాలు బాగా నడుస్తున్నాయా వదినా?"

"ఆ... బానే ఉన్నాయి" అంది వదిన, గొంతు కాస్త సన్నం చేసుకుని. ఆవిడకి ఏ పిలుపూ అందలేదని, తాను మర్చిపోయిన పని నేనెక్కడ నిలదీస్తానో అని అలా అందని తరవాత తెలిసింది.

ఒక రాత్రి అన్నాలు తింటున్నాం. మామయ్య చెంచా పక్కన పెట్టారు. పెదాలు కదుపుతున్నారు. మా ఆయన నోరు తెరవబోతే కాలితో తన్నాను.

"బే..." అన్నారు మామయ్య. మళ్ళీ వెతుక్కున్నారు. "బే...రింగు."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"బేరింగు... పోయింది" అన్నారు స్పష్టంగా, ఆ మాట తీసుకొచ్చి బల్ల మీద పెట్టినంత తృప్తిగా. తరవాత పెరుగన్నం తిన్నారు.

మా ఆయన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళారు. "నాన్నకి మతి కూడా పోతోందా? బేరింగేమిటి? జన్మలో ఆయన బేరింగు మొహం చూడలేదు." నాకు మాత్రం చటుక్కున వెలిగింది. బేరింగులు పోయే చోటు నాకు ఒక్కటే తెలుసు.

మర్నాడు ఆఫీసులో తిన్నగా గ్రీజన్న దగ్గరికి వెళ్ళాను. మా మెకానిక్కుల్లో పెద్దవాడు. ఎన్నిసార్లు కడిగినా ఆయన చేతుల నలుపు పోదు, అందుకే ఆ పేరు.

"అన్నా, మా మామగారు మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి మేడం? సోమవారం, బుధవారం నావే కదా" అన్నాడు ఆయన, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు.

ఫోను తీసి చూశాను. టీమ్ క్యాలెండర్లో, సామాన్ల మీటింగుకీ భద్రత మీటింగుకీ మధ్య, 'మామయ్యతో మాటలు' ఆకుపచ్చగా వెలుగుతోంది. కింద ముగ్గురు వస్తామని ఒప్పుకున్నారు. గ్రీజన్న, స్టోరు కీపరు, అకౌంట్స్ ఆవిడ. మిగతావాళ్ళు ఆ వేళకి బయట పనుల్లో ఉంటామని, నా రూలు ప్రకారం, కారణం రాసి మరీ రామన్నారు.

"మొదటి రోజు ముగ్గురం ఒకేసారి లింకులోకి వెళ్ళాం. పెద్దాయన మమ్మల్ని చూసి హడలిపోయాడు" అన్నాడు గ్రీజన్న. "అందుకని రోజులు పంచుకున్నాం. ఎలాగూ అది టీ తాగే వేళే కదా. ఆసుపత్రి లిఫ్టు కీచుమంటోందని నా గోల నేను చెప్పుకున్నా. ఎందుకంటారు పెద్దాయనా అని అడిగితే, చాలాసేపు వెతికి 'నూనె' అన్నాడు. రెండు రోజులయ్యాక, నూనె కాదండీ బేరింగు పోయిందని చెప్తే భలే నవ్వాడు. ఆ మాట తనకీ కావాలని పట్టుబట్టి నేర్చుకున్నాడు."

"మీరు మధ్యలో అందించలేదా?"

"మీరే రాశారు కదా వద్దని. లిఫ్టూ అంతే మేడం. తలుపు మూసుకుంటుంటే మనం తొందరపడి చెయ్యి అడ్డం పెడితే అది మళ్ళీ మొదటికొస్తుంది. ఆగితే దానంతట అదే వెళ్తుంది."

అకౌంట్స్ ఆవిడ పక్క బల్ల నుంచి అందుకుంది. "నా మోకాలి నొప్పి గురించి వినే నాథుడు మా ఇంట్లో లేడు. మీ మామగారు మొత్తం వింటారు. మధ్యలో 'నాకూ ఉంది' అనరు. ఎంత హాయో." స్టోరు కీపరుని అడిగాను. ఆయన పుట్టి బుద్ధెరిగి ఒకేసారి నాలుగు మాటలు ఆడిన మనిషి కాదు. "మేం పెద్దగా మాట్లాడుకోం" అని తల దించుకున్నాడు. ఆయనా మామయ్యా పదిహేను నిమిషాలు ఒకరినొకరు చూసుకుని, చివర్లో మళ్ళీ కలుద్దామని చెయ్యి ఊపుకుంటారట.

"మరి నాకు ఒక్కరూ చెప్పలేదేం?"

"క్యాలెండర్లో ఉన్నదాన్ని మళ్ళీ నోటితో అడిగితే ఊరుకోనన్నారుగా" అన్నాడు గ్రీజన్న.

నాకు నవ్వు రాలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక్కోసారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారని రాశానే, అది ఆఫీసులో ప్రతి మనిషీ చదివాడు. మార్కెట్టంతా తన గొంతు కోసం చెవులు రిక్కించిన మనిషిని తీసుకొచ్చి నేను నడివీధిలో కూచోబెట్టాను. అదీ ఆయన్ని అడక్కుండా. అక్కడికక్కడే ఆ మీటింగు తెరిచి తీసెయ్యమన్నాను. ఇదొక్కటేనా, ఇక మీద వచ్చేవన్నీనా అని అడిగింది ఫోను. అన్నీ అని నొక్కాను.

ఈసారి చూసుకుని, ఇంటి క్యాలెండర్లో పెట్టాను. వదినకి వెళ్ళింది, మా ఆయనకి వెళ్ళింది. మర్నాడు నాలుగున్నరకి ట్యాబ్లెట్టు మోగింది. మామయ్య తల దువ్వుకుని కూచున్నారట. తెర మీద వదిన కనపడింది. ఆయన ఆవిడ వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని కాసేపు చూశారట. తరవాత గోడ వైపు తిరిగారు. "నాన్నా, నన్ను చూడు నాన్నా" అని వదిన పదిహేను నిమిషాలూ బతిమాలింది. నాకు ఫోను చేసి భోరున ఏడ్చింది. "నేను ఆయనకి పరాయిదాన్నయిపోయానా?" అంది.

రెండో రోజు ట్యాబ్లెట్టు మోగుతుంటే తీయలేదు. మూడో రోజు దాన్ని బోర్లా తిప్పేశారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేశారు. థెరపిస్టు చూస్తానన్న రోజు పక్క వారంలోనే ఉంది. కేంద్రంలో నోరు విప్పకపోతే ఇక అంతే, ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తరవాత ఆయనకి మిగిలేది ఈ సోఫా, ఈ గోడ, మా ఆయన ఇచ్చే నీళ్ళు. నాకు భయం వేసింది. నిజంగా భయం వేసింది.

ఆఫీసులో నా సంగతి ఇంకో రకం. "నా మంగళవారం ఎవరు తీసేశారు?" అని అకౌంట్స్ ఆవిడ వచ్చి నిలదీసింది. పొరపాటున ఆఫీసు క్యాలెండర్లో పడిందని నసిగాను. "పొరపాటైతే సరిచెయ్యాలి గానీ మనిషిని తీసేస్తారా?" అంది. సాయంత్రం స్టోరు కీపరు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఏం కావాలో నాకు తెలుసు. నేనే అనేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. బలవంతాన ఆపుకున్నాను.

"గురువారం" అన్నాడు చివరికి. "గురువారం నాక్కావాలి."

ఆ రోజు తొందరగా ఇంటికొచ్చి మామయ్య ఎదురుగా నేల మీద కూచున్నాను. జరిగిందంతా చెప్పాను. పొరపాటు నాదని, వాళ్ళు అడుగుతున్నారని, ఆయనకి ఇష్టం లేకపోతే ఈ ఊసే ఎత్తనని చెప్పాను. "వాళ్ళని పిలవనా మామయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. నా ప్రాణం ఉసూరుమంది. లేవబోతుంటే ఎడమచేత్తో నా భుజం పట్టుకుని ఆపారు. ఆ చేతిని తీసి గుండె మీద వేసుకున్నారు.

"నే..." ఎంతసేపు పట్టిందో తెలియదు. వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడం, చెయ్యలేక మానెయ్యడం కూడా అయిపోయింది. "నేను. పిలు...స్తా."

అదీ సంగతి. నేను ఎవరినైనా పిలవడం ఆయనకి అక్కర్లేదు, ఆయనే పిలవాలి. ఆయన పేరు మీదే కొత్త క్యాలెండరు తెరిచాను. అందులో పెట్టేదీ తీసేదీ ఆయనే, మిగతా అందరం చూసేవాళ్ళమే. ఆఫీసుకి దాంతో సంబంధం లేదు. శుక్రవారం టీ వేళకి అందరినీ ఒక్కసారి రమ్మన్నాం. నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, తెరలో కనపడకుండా పక్కన కూచున్నాను. ఆఫీసులో ముగ్గురూ ఒక చోట, వదిన వాళ్ళింట్లో, మా ఆయన వ్యాను పక్కకి ఆపుకుని. మామయ్య కొత్త చొక్కా వేసుకున్నారు. రోజులు పంచుకోండని ఆయన అంటే నేను రాసుకుందామని నా ఆలోచన.

ఆయన ఎడమచెయ్యి పైకెత్తారు.

"సో...మ...వారం."

అంతా ఎదురుచూశారు. "నాకండీ" అన్నాడు గ్రీజన్న. "వారానికో లిఫ్టు కథ చెప్తాను."

మామయ్య కనుబొమ్మలు ఎగిరాయి. నోరు తెరిచారు. అంతే, ఏ చిక్కూ లేకుండా, ఏ వెతుకులాటా లేకుండా, గంగాళం బోర్లించినట్టు వచ్చేసింది. "ఒకటోసారి! రెండోసారి! ఎవరైనా ఉన్నారా, మూడోసారి!" ఫట్‌మని బల్ల మీద కొట్టారు.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది అచ్చంగా మార్కెట్లో గొంతు. వయసు పైబడి కాస్త బొంగురుపోయింది, అంతే. నాకు కళ్ళు మసకబారాయి గానీ ఫోను కింద పెట్టే వీల్లేదు, సోమవారం రాసుకోవాలి. 'ప్రతి వారం' అని నొక్కాను.

"మం...గళ" అన్నారు మామయ్య, మళ్ళీ తడబడుతూ. అకౌంట్స్ ఆవిడ మోకాలి ఊసు సగమే ఎత్తుతానని మాటిచ్చింది. "చా...లదు" అన్నారు ఆయన. అందరం గొల్లుమన్నాం. పూర్తిగా మానేస్తానని ఆవిడ ఒట్టేసేదాకా బల్ల మీద చెయ్యి పడలేదు. బుధవారం వచ్చేసరికి మా ఆయన వ్యాన్లోంచి అరిచారు. "నాన్నా, నాకు! నోరు మూసుకుని కూచుంటా."

"మూడోసారి!" అన్నారు మామయ్య. ఒకటీ లేదు, రెండూ లేదు.

గురువారం అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు, స్టోరు కీపరు ఒక్కడే చెయ్యెత్తాడు. మామయ్య కూడా చెయ్యెత్తి ఊపారు, వాళ్ళ లెక్క వాళ్ళది. శుక్రవారం మళ్ళీ గ్రీజన్నది. శనివారం వదిన అడిగింది. "మాట అందించను నాన్నా. ఏడవను కూడా" అంటూ ఏడ్చింది. ఆయన ఆవిడ తేరుకునేదాకా ఏమీ అనకుండా ఊరుకుని, తరవాత నెమ్మదిగా మూడుసార్లు లెక్కపెట్టి కొట్టారు. అంతటితో ట్యాబ్లెట్టు మూసేశారు.

కేంద్రంలో థెరపిస్టు ఈ కథంతా విని మామయ్యని చూసి నవ్వింది. వరసగా అలవాటైపోయిన మాటలు ఒక్కోసారి వేరే దారిన వచ్చేస్తాయని, మిగతావాటిని ఇలాగే ఒక్కొక్కటీ వెతికి తెచ్చుకోవాలని చెప్పింది. ఇవాళ ఎలా వచ్చారని ఆయన్ని అడిగింది. "బస్సు" అన్నారు. కాసేపటికి, "కిటికీ... పక్కన" అన్నారు. ఆవిడ ఇంకో మూడు నెలలు రాసింది. మా ఆయన బయటికొచ్చి బెంచీ మీద కూలబడి, చిన్నపిల్లాడిలాగా మొహం తుడుచుకున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఫోను మోగింది. పిలుపు. పంపినది మామయ్య. ట్యాబ్లెట్టుకి నోటితో చెప్పి రాయించుకున్నట్టున్నారు. 'ఆదివారం. కోడలు.' నాలుగున్నరకి. ప్రతి వారం. వస్తారా, రారా అని కింద అడుగుతోంది.

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆయనకి మందులిచ్చేది నేను, బట్టలుతికేది నేను, కేంద్రానికి తీసుకెళ్ళేది నేను. అందరికీ వేళలు కుదిర్చింది నేను. ఇన్ని నెలల్లో ఆయన ఎదురుగా పని లేకుండా ఒక్కసారి కూచోలేదు. వస్తాననే చోట నొక్కి, నాలుగున్నర కాగానే గోడవతలికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూచున్నాను. ట్యాబ్లెట్టు మాకు అక్కర్లేదు. ఆయన తల దువ్వుకుని ఉన్నారు.

"మీరు... ఇంట్లో..." అన్నారు. నేను ఆగాను. "చూస్తే... ఏడుపు... మొహాలు."

"మా మొహాలా?"

తల ఊపారు. "మీకు... నా పాత గొంతు... తెలుసు. వాళ్ళకి... తెలీదు." ఊపిరి తీసుకున్నారు. "వాళ్ళ దగ్గర... నేను... బానే ఉన్నా."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన ఒక్క మాట తడబడితే చాలు, మేం ముగ్గురం పోయినదాన్ని తలుచుకునేవాళ్ళం. అది మా కళ్ళల్లో ఆయనకి రోజూ కనపడేది. గ్రీజన్నకి పోయింది ఏమీ లేదు. ఆయనకి తెలిసిన పెద్దాయన మొదటి నుంచీ ఇలాగే, వెతుక్కుని వెతుక్కుని మాట్లాడే మనిషి. మామయ్యకి ఏం చెప్పాలి? ఏడుస్తానేమోనని భయం వేసింది. ఏడిస్తే ఇంతా చేసి మళ్ళీ అదే మొహం చూపించినట్టవుతుంది.

"మీ పాత గొంతు మీద నాకేం బెంగ లేదు మామయ్యా" అన్నాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గొంతుతో నన్ను తిట్టిన తిట్లు తక్కువా? ఈ కొన్నాళ్ళే నా చెవులు సుఖపడ్డాయి."

ఆయన ఒక్క క్షణం నా వైపు తేరిపార చూశారు. తరవాత భుజాలు కదిలేలా నవ్వారు. నవ్వి, నవ్వి, ఎడమచేతి వేలు నా మొహం ముందు ఆడించారు.

"ఆగు" అన్నారు. "ఇప్పుడూ... తిడతా."

"తిట్టండి చూద్దాం."

"మొం..." అన్నారు. కళ్ళు మూసుకున్నారు. నుదురు ముడిపడింది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. పెళ్ళయి వచ్చిన వారానికే విన్నాను. నేను అందించలేదు. పది దాకా లెక్కపెట్టాను, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఆయన పెదాలు ఒకచోట కలిసి, విడిపోయి, మళ్ళీ కలిశాయి.

"మొండి...ఘటం!" అన్నారు మామయ్య. ఒక్క అక్షరం కూడా పోలేదు.